ఓట్ల లెక్క వేరు, కుర్చీల లెక్క వేరు: అమెరికా ప్రైమరీలలో డెలిగేట్ల వ్యూహంపై చర్చ

మూసీ_ఒడ్డు (చర్చ ప్రారంభం)

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల ప్రైమరీల గురించి మన పత్రికలలో వచ్చే వార్తలు చాలావరకు ఎవరికి ఎంత శాతం ఓట్లు వచ్చాయన్న దగ్గరే ఆగిపోతాయి. పార్టీ అభ్యర్థిని తేల్చేది ఆ శాతాలు కావు, వేసవిలో జరిగే జాతీయ మహాసభలో కూర్చొని ఓటు వేసే డెలిగేట్లు. ఓటరు వేసిన ఓటు డెలిగేటుగా మారే దారి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా, ఒక్కో పార్టీలో ఒక్కో రకంగా ఉంటుంది. ఆ దారిలోని మలుపులన్నీ ముందుగా తెలుసుకొని, ప్రతి మలుపు దగ్గర తమ మనుషులను నిలబెట్టగలిగిన సామాన్య కార్యకర్తలు పెద్ద పెద్ద ప్రచారాలను కూడా నిలువరించిన సందర్భాలు ఉన్నాయి.

రెండు ఉదాహరణలు చర్చకు పెడుతున్నాను. మొదటిది 2008లో డెమొక్రటిక్ పార్టీలో బరాక్ ఒబామా ప్రచారం. రెండవది 2012లో రిపబ్లికన్ పార్టీలో రాన్ పాల్ ప్రచారం. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘క్షేత్రస్థాయి వ్యూహం’ అని పొగడడం నేను చాలాచోట్ల చూశాను. నా అభిప్రాయంలో ఇవి ఒకటి కావు. ఒబామా బృందం తమకు పడిన ఓట్లకు వీలైనంత ఎక్కువ మంది డెలిగేట్లను రాబట్టుకుంది. పాల్ అనుచరులు ఓట్లకూ డెలిగేట్లకూ ఉన్న ముడిని విప్పి, ఓట్లలో మూడవ స్థానంలో ఉన్నచోట కూడా డెలిగేట్లలో మొదటి స్థానం తెచ్చుకున్నారు. మొదటిది నైపుణ్యం. రెండవది నిబంధనలకు లోబడే జరిగినా, ఓటరుకు చెప్పుకోదగిన సమాధానం దాని దగ్గర ఉందా అన్నది నా సందేహం. అనుభవం ఉన్నవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

గుంటూరు_గణితం

ఒబామా వైపు లెక్క ముందుగా చెప్పుకుంటే మిగతా చర్చ సులువవుతుంది. డెమొక్రటిక్ పార్టీలో డెలిగేట్లను ఓట్ల నిష్పత్తిలో పంచుతారు, 15 శాతం దాటనివారికి ఏమీ రాదు. ఆ పంపకం రాష్ట్రం మొత్తానికి ఒక్కసారిగా జరగదు. ఎక్కువ భాగం కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా జరుగుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ఒక నియోజకవర్గానికి 4 డెలిగేట్లు ఉన్నారనుకోండి. ఇద్దరే బరిలో ఉంటే, ఒకరికి 60 శాతం, మరొకరికి 40 శాతం వచ్చినా పంపకం 2–2 గానే ముగుస్తుంది. 62.5 శాతం దాటితే తప్ప మూడవ డెలిగేటు రాదు. అదే 3 డెలిగేట్లున్న నియోజకవర్గంలో సగానికి ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా 2–1 అవుతుంది. కాబట్టి సరి సంఖ్య ఉన్నచోట 52 శాతాన్ని 58 శాతం చేయడానికి కోట్లు ఖర్చు పెట్టడం వృథా. బేసి సంఖ్య ఉండి పోటీ సమంగా ఉన్నచోట నలుగురు కార్యకర్తలు ఇంటింటికీ తిరిగితే ఒక డెలిగేటు మారుతాడు.

2008 ఫిబ్రవరి 5న ఒకే రోజు ఇరవైకి పైగా రాష్ట్రాలలో పోలింగు జరిగింది. ఒబామాకు ప్రధాన పోటీదారైన హిల్లరీ క్లింటన్ న్యూజెర్సీ గెలిచారు. పది లక్షలకు పైగా ఓటర్లు పాల్గొన్న ఆ రాష్ట్రంలో 107 మంది డెలిగేట్లలో ఆమెకు 59, ఒబామాకు 48 వచ్చారు, అంటే ఆమెకు 11 మంది ఆధిక్యం. అదే రోజు ఐడహో అనే చిన్న రాష్ట్రంలో కాకస్ జరిగింది. అక్కడ ఒబామాకు 15, క్లింటన్‌కు 3, అంటే ఆయనకు 12 మంది ఆధిక్యం. అక్కడ పాల్గొన్నవారు సుమారు 21 వేల మంది మాత్రమే. రిపబ్లికన్ల కోటగా పేరున్న ఐడహోలో డెమొక్రాట్లు ప్రచారం చేయడమేమిటని అందరూ అనుకునే రోజులలో ఒబామా స్వయంగా బాయిసీ నగరానికి వెళ్లి సభ పెట్టారు. న్యూజెర్సీ విజయం పత్రికల మొదటి పేజీకి ఎక్కింది, కానీ ఐడహో దాన్ని పూర్తిగా రద్దు చేసి పైన ఒక డెలిగేటును మిగిల్చింది.

అదే ఏడాది నెవాడాలో కాకస్ లెక్కలో క్లింటన్ ముందున్నా జాతీయ డెలిగేట్ల లెక్క 13–12 తో ఒబామా వైపు తేలింది. గ్రామీణ కౌంటీలకు (రాష్ట్రంలోని పాలనా విభాగాలకు) ఇచ్చిన ప్రాధాన్యం, బేసి సంఖ్యల లెక్క కలిసి చేసిన పని అది.

శారద_కాకినాడ

కాకస్‌కూ ప్రైమరీకీ తేడా ఒక మాటలో ఎవరైనా చెప్పండి. నేను ఇటీవలే ఇక్కడ పౌరసత్వం తీసుకున్నాను. ఇంకా ఒక్కసారి కూడా ఓటు వేయలేదు.

మూసీ_ఒడ్డు

శారద గారూ, ప్రైమరీ అంటే మన ఎన్నికలలాగే పోలింగు కేంద్రానికి వెళ్లి ఓటు వేసి రావడం. కాకస్ అంటే మీ పేటవారందరూ ఒక నిర్ణీత సమయానికి ఒక బడిలోనో చర్చిలోనో కూర్చొని, మాట్లాడుకొని, తమ మొగ్గు తెలిపి, పై సభకు మనుషులను ఎన్నుకోవడం. నేను డాలస్ పరిసరాలలో ఉంటాను. 2008లో టెక్సాస్‌లో డెమొక్రాట్లకు రెండూ ఉండేవి. మార్చి 4న పగలు ప్రైమరీలో ఓటు వేసి, పోలింగు ముగిశాక రాత్రికి మళ్లీ అక్కడికే వెళ్లి సంతకం పెట్టి, ఎవరి పక్షమో రాయాలి. మూడింట రెండు వంతుల డెలిగేట్లు ఓటు ద్వారా, మిగిలిన వంతు ఆ రాత్రి సమావేశాల ద్వారా తేలేవారు.

ఆ రాత్రి మా బడి ఆవరణలో వరుస బయటి రోడ్డు దాకా ఉంది. సంతకాల కాగితాలు చాలక తెల్లకాగితాల మీద గీతలు గీసి రాయించుకున్నారు. ఒబామా పక్షం వారిలో ఒక పాతికేళ్ల అమ్మాయి ఆ నిబంధనలను ముద్రించుకొని వచ్చి, వరుసలో ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, “సంతకం పెట్టి వెళ్లిపోకండి, డెలిగేట్ల ఎన్నిక అయ్యేదాకా ఉండండి” అని చెప్పింది. రెండో పక్షంలో మా ఇరుగుపొరుగు పెద్దవాళ్లు చాలామంది పగలే ఓటు వేశాము కదా అని రాలేదు. రాష్ట్రం మొత్తం మీద ప్రైమరీ ఓటులో క్లింటన్ సుమారు లక్ష ఓట్ల తేడాతో గెలిచారు. రెండు అంచెలూ కలిపాక డెలిగేట్లు మాత్రం ఒబామాకు 99, ఆమెకు 94. తరువాత కొన్నేళ్లకు ఆ రెండంచెల పద్ధతిని ఎత్తివేశారు.

వంశధార

మూసీ_ఒడ్డు గారి సందేహానికి నేనే సమాధానం చెప్పాలి, ఎందుకంటే 2012లో ఐయోవాలో నేను రాన్ పాల్ తరఫున పనిచేశాను. మేము చేసినదానికి నేను సిగ్గుపడడం లేదు, పడవలసిన అవసరం లేదని కూడా నమ్ముతున్నాను.

2012 జనవరి 3న ఐయోవాలో 1,774 ప్రిసింక్టులలో, అంటే పేటల స్థాయి ఓటింగు ప్రాంతాలలో, రిపబ్లికన్ కాకస్‌లు జరిగాయి. ఆ రాత్రి మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచినట్టు ప్రకటించారు. రెండు వారాల తరువాత రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నారని తేల్చారు, అది కూడా 8 ప్రిసింక్టుల అధికారిక లెక్కలు దొరకకుండానే. పాల్ గారిది 21 శాతంతో మూడవ స్థానం. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది, ఆ రాత్రి చీటీల మీద రాసిన పేర్లకు డెలిగేట్లతో ఏ సంబంధమూ లేకపోవడం. అది అభిప్రాయ సేకరణ మాత్రమే. అసలు ఎన్నిక దాని తరువాత, అదే గదిలో, అదే రాత్రి మొదలవుతుంది. ప్రిసింక్టు నుంచి కౌంటీ సభకు మనుషులను ఎన్నుకుంటారు, మార్చిలో కౌంటీ సభ నుంచి కాంగ్రెస్ నియోజకవర్గ సభకు, రాష్ట్ర సభకు ఎన్నుకుంటారు, ఏప్రిల్‌లో నియోజకవర్గ సభ, జూన్‌లో రాష్ట్ర సభ జాతీయ డెలిగేట్లను పంపుతాయి.

మా గదిలో చీటీలు లెక్కపెట్టగానే జనం కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. జనవరి చలిలో పిల్లలను ఇంట్లో వదిలి వచ్చినవారిని తప్పుపట్టలేము. అధ్యక్షత వహిస్తున్న పెద్దాయన “కౌంటీ సభకు వెళ్లేవారు ఎవరు?” అని అడిగేసరికి గదిలో పదిహేను మందిమి మిగిలాము. వెళ్లవలసినవారు నలుగురు. చేయెత్తినవారు నలుగురు. ఆ నలుగురిలో ముగ్గురం మేము. మేమెవరినీ మోసగించలేదు, ఎవరినీ గది నుంచి పంపలేదు. ఆ తరువాత ఆరు నెలలలో మూడు శనివారాలు తెల్లవారుజామున లేచి, సొంత పెట్రోలుతో, సొంత టిఫిన్లతో వెళ్లి, తీర్మానాల మీద గంటల తరబడి జరిగే వాదాలను విని, ఎవరికి ఓటు వేయాలో రాసి ఉన్న మా జాబితా కాగితాన్ని చేతిలో పట్టుకొని చివరి ఓటు దాకా కూర్చున్నాము. చివరకు టాంపాలో జరిగిన మహాసభలో ఐయోవా 28 ఓట్లలో 22 పాల్ గారికి పడ్డాయి.

మిన్నెసోటాలో కూడా అంతే. ఫిబ్రవరి కాకస్‌లో అక్కడ శాంటోరమ్ గెలిచారు, పాల్ గారిది రెండవ స్థానం. రాష్ట్ర సభలు ముగిసేసరికి 40 మందిలో అత్యధికులు మావాళ్లే.

పాలమూరు_రైతుబిడ్డ

నేను అమెరికా చూడలేదు, కానీ ఇది చదువుతుంటే మా మండలమే గుర్తుకొస్తోంది. ఎంపీటీసీ సభ్యులను జనం ఎన్నుకుంటారు, ఆ సభ్యులు చేతులెత్తి మండల పరిషత్ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. జనం ఒక పార్టీకి ఎక్కువ స్థానాలు ఇచ్చినా, ఫలితాలు వచ్చిన రోజు నుంచి అధ్యక్ష ఎన్నిక రోజు దాకా సభ్యులను క్యాంపులకు తీసుకెళ్లి దాచిపెట్టుకోవలసి వస్తుంది. మెజారిటీ ఉన్న పార్టీ అధ్యక్ష పదవిని పోగొట్టుకున్న మండలాలు మన రెండు రాష్ట్రాలలో లేకపోలేదు. మధ్యలో ఒక అంచె ఉన్న ప్రతి ఎన్నికలోనూ ఆ అంచె మీద పట్టు ఉన్నవాడిదే చివరి మాట అవుతుంది.

వంశధార గారిని ఒక్కటే అడుగుతాను. మా దగ్గర సభ్యుడు విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది. ఒక పార్టీ పేరు మీద గెలిచినవాడు మరొకరికి చెయ్యెత్తకూడదన్నది దాని వెనుక ఉన్న న్యాయం. మీ దగ్గర శాంటోరమ్‌కు చీటీ రాసిన వేల మంది తరఫున టాంపాలో ఎవరు చెయ్యెత్తారు?

వంశధార

రైతుబిడ్డ గారూ, సూటి ప్రశ్న అడిగారు. మీ సభ్యుడు పార్టీ గుర్తు మీద, దాని కోసమే జరిగిన ఎన్నికలో గెలుస్తాడు కాబట్టి అతనికి కట్టుబాటు ఉంది. మా ప్రిసింక్టు డెలిగేటు ఏ అభ్యర్థి పేరు మీదా గెలవలేదు. చీటీ వేరే, డెలిగేటు ఎన్నిక వేరే అని కాకస్ మొదట్లోనే చదివి వినిపించారు. శాంటోరమ్ గారు ఏప్రిల్‌లో పోటీ నుంచి తప్పుకున్నారు కూడా. అయినా మీ ప్రశ్నలో నన్ను తాకిన భాగం ఒకటి ఉంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లిపోయిన మా వీధి వృద్ధ దంపతులు తమ ఓటు లెక్కలోకి వచ్చిందనే నమ్మి వెళ్లారు. వారికి ఎవరూ ఇంకోలా చెప్పలేదు. చదివి వినిపించడం వేరు, అర్థమయ్యేటట్టు చెప్పడం వేరు. ఆ లోపం నిబంధనలు రాసినవారిది, కానీ దాని ప్రయోజనం మేమే పొందామని ఒప్పుకుంటాను.

నల్లమల

ఈ కథలో టాంపా తరువాతి భాగాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. నాకు అదే అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

2012 ఆగస్టులో మహాసభ మొదలయ్యే నాటికి రోమ్నీకి అభ్యర్థిత్వం నెగ్గడానికి కావలసిన 1,144 కంటే చాలా ఎక్కువ మంది డెలిగేట్లు ఉన్నారు. పాల్ అనుచరులు ఆయనను ఓడించలేరు, కానీ తమ అభ్యర్థి పేరును వేదిక మీద ప్రతిపాదించి ప్రసంగం చేయించాలని ఆశించారు. అప్పటిదాకా ఉన్న 40వ నిబంధన ప్రకారం 5 రాష్ట్రాల డెలిగేట్లలో మిగతా అభ్యర్థులకంటే ఎక్కువ మంది మద్దతు ఉంటే చాలు, సగం దాటనక్కరలేదు. ఆ మహాసభలోనే దాన్ని 8 రాష్ట్రాలలో పూర్తి మెజారిటీగా మార్చారు. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన పాల్ డెలిగేట్లలో సగం మందిని పక్కకు పెట్టి వేరేవారిని కూర్చోబెట్టారు, దానికి నిరసనగా ఆ రాష్ట్రం వారు సభ నుంచి బయటకు నడిచారు. నిబంధనల నివేదికను సభకు అధ్యక్షత వహించిన, అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్ మూజువాణి ఓటుకు పెట్టినప్పుడు సభలో ‘వద్దు’ అన్న కేకలు ఎంత బిగ్గరగా వినిపించినా, ‘ఔను’ పక్షమే నెగ్గిందని ప్రకటించారు. రాష్ట్రాల వారీగా ఓట్లు చెప్పినప్పుడు పాల్‌కు పడిన ఓట్లను వేదిక మీద నుంచి తిరిగి చదవలేదు. లెక్కలో రోమ్నీకి 2,061, పాల్‌కు 190.

2016 ఎన్నికల కోసం పార్టీ ఇంకొక నియమం కూడా బిగించింది. ఏ రాష్ట్రంలోనైనా రాష్ట్రవ్యాప్తంగా అధ్యక్ష అభ్యర్థుల మీద ఓటింగు జరిగితే డెలిగేట్లు దానికి కట్టుబడి తీరాలన్నారు. ఐయోవాలో జరిగినటువంటిది మళ్లీ జరగకూడదన్నది ఉద్దేశం. ఫలితం ఎలా వచ్చిందో చూడండి. కట్టుబాటు ఇష్టంలేని కొలరాడో రిపబ్లికన్లు 2016లో అభిప్రాయ సేకరణనే రద్దు చేసుకున్నారు. ఓటింగు లేకపోతే కట్టుబాటు కూడా ఉండదు కదా. దానితో మొత్తం వ్యవహారం ప్రిసింక్టు, కౌంటీ, రాష్ట్ర సభల చేతికి వెళ్లింది. అభ్యర్థులలో ఒకరైన టెడ్ క్రూజ్ బృందం నెలల ముందు నుంచే అక్కడ జాబితాలు తయారుచేసుకొని, ఏప్రిల్‌లో అక్కడ ఎన్నికైన 34 స్థానాలనూ తీసుకుంది. డొనాల్డ్ ట్రంప్ బృందం ఆలస్యంగా వచ్చి పంచిన జాబితా కాగితాలలో తప్పులు దొర్లాయి. సామాన్య కార్యకర్తను అడ్డుకోవడానికి రాసిన నియమం, మరో చోట కార్యకర్తల సభకే సర్వాధికారం కట్టబెట్టింది.

అయితే 8 రాష్ట్రాల నిబంధన మాత్రం 2016లో కూడా అలాగే ఉండింది. కింది స్థాయిలో నెగ్గినవారు పై స్థాయిలో మహాసభ నియమాలు రాసే నిబంధనల సంఘంలో లేకపోతే ఏమవుతుందో పాల్ అనుచరుల అనుభవం చెబుతోంది. వారు డెలిగేట్లను గెలిచారు, నిబంధనల సంఘాన్ని గెలవలేదు.

గుంటూరు_గణితం

నల్లమల గారు చెప్పినదానికి పెన్సిల్వేనియాను కూడా చేర్చాలి. 2016లో అక్కడ రిపబ్లికన్ బ్యాలెట్ మీద 54 మంది నియోజకవర్గ డెలిగేట్లను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు, కానీ ఏ డెలిగేటు ఏ అధ్యక్ష అభ్యర్థి పక్షమో బ్యాలెట్ మీద రాసి ఉండేది కాదు. ఓటరు తెలియని పేర్లలో మూడింటికి గుర్తు పెట్టి రావాలి. అలాంటిచోట ‘మనవాళ్లు వీరు’ అని పోలింగు కేంద్రం బయట చీటీ పంచగలిగినవారిదే ఫలితం.

తుంగభద్ర

నేను మిషిగన్‌లో ఉంటాను. 2024 ఫిబ్రవరి 27 నాటి డెమొక్రటిక్ ప్రైమరీని ఇక్కడ చెప్పకపోతే చర్చ పాత కథలతోనే ముగుస్తుంది. గాజా యుద్ధం విషయంలో అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ విధానాన్ని వ్యతిరేకించినవారు ఆయనకు పోటీగా మనిషిని నిలబెట్టలేదు. బ్యాలెట్ మీద ఎప్పటినుంచో ఉన్న ‘ఎవరికీ కట్టుబడను’ అన్న గడికే ఓటు వేయమని కొద్ది వారాలు మాత్రమే ప్రచారం చేశారు. లక్షకు పైగా ఓట్లు పడ్డాయి, అంటే సుమారు 13 శాతం. గుంటూరు_గణితం గారు చెప్పిన 15 శాతం గీత అందలేదు కాబట్టి రాష్ట్రస్థాయి డెలిగేట్లు రాలేదు. కానీ డియర్‌బోర్న్ వంటి ఊళ్లున్న నియోజకవర్గాలలో ఆ గీత దాటడం వలన 2 డెలిగేట్లు వచ్చారు. తరువాత మిన్నెసోటాలో సుమారు 19 శాతం వచ్చి 11 మంది డెలిగేట్లు దక్కారు.

ఆ డెలిగేట్లు షికాగో మహాసభకు వెళ్లి, వేదిక మీద ఒక పాలస్తీనా అమెరికన్‌కు మాట్లాడే అవకాశం ఇవ్వమని అడిగారు. ఇవ్వలేదు. సభా భవనం బయట రాత్రంతా కూర్చున్నారు. వేల మంది డెలిగేట్లలో అన్ని రాష్ట్రాలూ కలిపి సుమారు ముప్పై మంది ఉన్న వారు ఓటుతో మార్చగలిగింది ఏమీ లేదు, కానీ వారు లోపలికి వెళ్లే అర్హత ఉన్నవారు కాబట్టే వారి నిరాకరణ వార్త అయింది. మా పేటలో నేను ఫోన్లు చేసిన తెలుగు కుటుంబాలలో చాలామందికి అసలు ఓటు హక్కే లేదు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారు. హక్కు ఉన్న మిగతావారు నవంబరు ఓటే ఓటు అనుకుంటారు. ఆ మాట మారాలని నా కోరిక.

మూసీ_ఒడ్డు

వంశధార గారి మాటలు చదివాక నా మొదటి వాదనను కొంత సవరించుకుంటున్నాను. చీటీకీ డెలిగేటుకూ ముడి విప్పింది పాల్ అనుచరులు కాదు, ఆ ముడి లేకుండా నియమాలు రాసిన రాష్ట్ర పార్టీలే. అయినా మసాచుసెట్స్ ఉదంతం నాకు ఇంకా మింగుడుపడదు. రోమ్నీ భారీగా గెలిచిన ఆ రాష్ట్రంలో, ఆయనకు మొదటి ఓటు వేయడానికి కట్టుబడిన కుర్చీలలోకి పాల్ అనుచరులు ఎన్నికయ్యారు. తమకు ఇష్టంలేని అభ్యర్థి తరఫున కూర్చోవడానికి పోటీ పడడం అంటే మొదటి ఓటింగులో ఎవరికీ మెజారిటీ రాక, కట్టుబాటు లేని రెండవ ఓటు వస్తుందన్న ఆశతోనో, నిబంధనల మీద ఓటు కోసమో కూర్చోవడమే. అది చట్టబద్ధమే. కానీ ఐయోవాలో వెళ్లిపోయినవారి కుర్చీలో కూర్చోవడానికీ, మసాచుసెట్స్‌లో ఓటు వేసి గెలిపించినవారి కుర్చీలో కూర్చోవడానికీ తేడా ఉందని నేను ఇప్పటికీ అంటాను.

వంశధార

మసాచుసెట్స్ విషయంలో మీతో వాదించను. రోమ్నీకే ఓటు వేస్తామన్న ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టమన్నప్పుడు మావాళ్లలో కొందరు నిరాకరించి స్థానం పోగొట్టుకున్నారు. సంతకం పెట్టినా మాట తప్పేవారు కాదని నేను నమ్ముతాను, కానీ ఎదుటివారు నమ్మకపోవడంలో అన్యాయం లేదు.

శారద_కాకినాడ

ఇదంతా రెండుసార్లు చదివాను. నేను కూడా డాలస్ దగ్గరే ఉంటాను. ఏ పార్టీయో ఇంకా నిశ్చయించుకోలేదు. డెలిగేటు కావాలంటే డబ్బు, పరిచయాలు లేనివారికి దారి ఉందా?

మూసీ_ఒడ్డు

ఉంది శారద గారూ, అయితే డబ్బు గురించి దాచకుండా చెప్పాలి. కౌంటీ సభ దాకా దాదాపు ఖర్చు లేదు, ఒక శనివారం పోతుంది. రాష్ట్ర సభకు ప్రయాణం, హోటలు మీవే. జాతీయ మహాసభకైతే విమానం, వారం రోజుల బస కూడా సాధారణంగా డెలిగేటే భరించాలి. కొందరు తమ ఊరివారి దగ్గర చందాలు పోగుచేసుకొని వెళ్తారు. పరిచయాలు మాత్రం ముందుగా అక్కరలేదు, అవి ఆ గదులలోనే కలుగుతాయి. మీరు చేయవలసిన మొదటి పని ఓటరుగా నమోదు కావడం, రెండవది మార్చి ప్రైమరీలో ఏదో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకొని ఓటు వేయడం. ఆ ఓటుతోనే ఆ ఏడాది ఆ పార్టీ సభలకు మీకు అర్హత వస్తుంది. నిబంధనల పత్రం రాష్ట్ర పార్టీల దగ్గర దొరుకుతుంది. పొడవుగా ఉంటుంది, కానీ డెలిగేట్ల ఎన్నిక అధ్యాయం ఒక్కటి చదివితే చాలు. మీ ప్రిసింక్టు సంఖ్య ఓటరు కార్డు మీదే ఉంటుంది. మా ప్రిసింక్టే అయితే, సభ రోజున మా ఇంటి నుంచి కలిసి వెళ్దాం. మధ్యాహ్న భోజనం కట్టుకొని రండి, చివరి ఓటు చాలాసార్లు సాయంత్రం దాటాకే జరుగుతుంది.